నొప్పులు తెప్పించే మందుల వెనకున్న కథ

నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉందంటే చుట్టుపక్కల అందరూ వైద్యులే. ఒకరు ఆముదం పట్టమంటారు, ఒకరు జీలకర్ర కషాయం ఇమ్మంటారు, ఇంకొకరు వంగి ఇల్లు తుడిపించమంటారు. డాక్టరు చెప్పిన తేదీ దాటి రెండు రోజులైతే చాలు, "ఇంకా కాలేదా?" అని ఫోన్లు మొదలు. ఈమధ్య మా అక్క కూతురు ఆ ప్రశ్న విని విని ఏడ్చేసింది. అప్పుడే ఈ మందులన్నీ ఎక్కడినుంచి వచ్చాయో చూద్దామని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాను, తెలుగు బి.ఏ. చదివిన గృహిణిని. కానీ ఈ చరిత్ర మన ఆడవాళ్ళ ఒంటి మీద నడిచిన చరిత్ర కాబట్టి రాస్తున్నాను.

మన దేశంలో దొరికే పాత సాక్ష్యాల్లో చరక సంహిత ముఖ్యమైనది. శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో పురిటి గది ఎలా ఉండాలి, లోపల ఎవరుండాలి, ఏమేం సర్దుకోవాలి అన్నీ చెప్పారు. అక్కడే ఒక చిన్న వాదన కూడా ఉంది. నొప్పులు వస్తున్నా కాన్పు కాకపోతే ఆమె చేతికి రోకలి ఇచ్చి ధాన్యం దంచమనాలని, మధ్యమధ్య నడవమనాలని, ఆవులించమనాలని కొందరంటారు. ఆత్రేయుడు ఒప్పుకోడు. గర్భిణికి ఎప్పుడూ పెద్ద శ్రమ కూడదు, కాన్పు వేళ అసలే కూడదు, రోకలి వద్దు, నడక, ఆవులింత చాలు అంటాడు. "బాగా పని చేయిస్తే తొందరగా అవుతుంది" అనే సలహా దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే ఉంది. కాదన్న పెద్దమనిషి కూడా అప్పుడే ఉన్నాడు.

అదే అధ్యాయంలో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటి ఉంది. నొప్పి రానిదే ముక్కవద్దని ఆమెకు చెప్పాలట. రాని తుమ్మును, రాని తేన్పును బలవంతాన తెప్పించబోతే ఎలా రాదో, ఇదీ అంతేనట. ఎంత మామూలు పోలిక! అమ్మమ్మలు చెప్పినట్టే ఉంది.

ఇక తేదీ సంగతి. తొమ్మిదో నెల నుంచి పదో నెల దాకా ప్రసవకాలం అన్నాడు చరకుడు. సుశ్రుతుడు పన్నెండో నెల దాకా జరిపాడు. ఇప్పుడు మన చీటీ మీద రాసే తేదీ, చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజుల లెక్క. జర్మన్ వైద్యుడు నేగెలె పేరున అది వాడుకలోకి వచ్చింది. సరిగ్గా ఆ తేదీకే పుట్టేవాళ్ళు నూటికి నలుగురైదుగురే. మిగతావాళ్ళంతా అటో ఇటో పుడతారు. అంటే ఆ తేదీ దగ్గర్లో ఏ కషాయం తాగించినా, మర్నాడో ఆ మర్నాడో నొప్పులు వచ్చే అవకాశం ఎలాగూ ఉంది. పేరు మాత్రం కషాయానికి వస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అంటే ఇదే.

అలాగని అన్నీ ఉత్తవే అనలేం. ఆముదాన్నే తీసుకోండి. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్‌లో ఆముదం మొక్క గురించి ఉంది, కాన్పు చేయించే మందుల వరుస కూడా ఉంది. ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఆముదం తాగించి, వేడినీళ్ళ స్నానం చేయించి, ఎనిమా ఇచ్చేవారు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాన్నీ గర్భసంచి కండరాన్నీ ఒకే మీట నొక్కి కదిలిస్తుందని 2012లో జర్మనీ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. మరి ఇంకేం, తాగించేయొచ్చు అనుకుంటున్నారా? అన్ని పరిశోధనలనూ కలిపి చూసే కోక్రేన్ సమీక్షకు దొరికిన రుజువు చాలా తక్కువ. ఒక పరీక్షలో అయితే తాగిన ప్రతి ఆమెకూ కడుపులో వికారమే. విరేచనాలతో నీరసపడ్డ పిల్ల నొప్పులు ఎలా తట్టుకుంటుంది?

ఉత్తరేణి వేరు నడుముకో తొడకో కట్టి, బిడ్డ పుట్టగానే విప్పేసే అలవాటు మన పల్లెల్లో ఉండేది. పైన కడితే పోయేదేమీ లేదు. వేళ్ళనూ పుల్లలనూ లోపలికి పంపితేనే చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. చరకుడు వాసన చూడమన్న పొడుల్లో వస, యాలకులతో పాటు లాంగలి ఉంది. లాంగలి అంటే మన అడవినాభి. దానికి సంస్కృతంలో 'గర్భనుత్', గర్భాన్ని తోసేది, అని ఇంకో పేరు. ఆ దుంపలో కోల్చిసిన్ అనే గట్టి విషం ఉంది. పేరు చూసి దగ్గరికి తీయకూడదు.

ఖర్జూరం మాత్రం మంచి కథ. ఖురాన్‌లో మర్యమ్ ప్రసవవేదనలో ఖర్జూర చెట్టు కిందకి చేరితే ఆ పండ్లు తినమని వినిపిస్తుంది. 2011లో జోర్డాన్ పరిశోధకులు, చివరి నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మందినీ తినని 45 మందినీ పోల్చారు. తిన్నవాళ్ళలో నొప్పులు తమంతట తామే మొదలవడం ఎక్కువగా కనిపించింది. చిన్న పరిశోధనే అయినా, షుగరు లేకపోతే తినడానికి భయం లేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో నొప్పుల కోసం పెట్టే జెల్‌లో ఉండేది ప్రోస్టాగ్లాండిన్. దాన్ని మొదట 1930ల్లో మగవారి వీర్యంలో కనుగొన్నారు. భార్యాభర్తలు కలిస్తే నొప్పులు వస్తాయనే పాత మాటకు మూలం అక్కడ దొరుకుతుంది. మన ఇళ్ళలో తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చేసి అల్లుడిని దూరం పెడతాం కాబట్టి ఆ చిట్కా మనకు పెద్దగా అక్కరకు రాలేదు!

అన్నిటికన్నా నన్ను కుదిపింది ఎర్గాట్ కథ. రై అనే ధాన్యం వెన్నులకు పట్టే బూజు అది. మన సజ్జలకు పట్టే తేనెబంక తెగులు దానికి దగ్గరి చుట్టమే. యూరప్ మంత్రసానులు కాన్పు తొందరపెట్టడానికి ఆ బూజు వాడేవారని 1582 నాటి పుస్తకంలోనే ఉంది. 1808లో అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ దాన్ని డాక్టర్లకు పరిచయం చేస్తూ, దీనివల్ల వైద్యుడికి బోలెడు సమయం కలిసొస్తుందని రాశాడు. చూశారా, ఎవరి సమయమో! పదహారేళ్ళకు, 1824లో, డేవిడ్ హోసాక్ అనే ఇంకో వైద్యుడు న్యూయార్క్‌లో చచ్చిపుట్టే బిడ్డలు పెరిగారని గుర్తించి, కాన్పు పొడి కాదు, చావు పొడి అన్నాడు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపడానికే వాడమన్నాడు. 1935లో దాని సారాన్ని వేరుచేసిన తర్వాత ఆ పనిలోనే ఎందరో తల్లులను బతికించింది. మందు అదే, వేళ మారింది.

ఆక్సిటోసిన్ కథా అంతే. 1906లో హెన్రీ డేల్ ఆ గుణాన్ని గుర్తించాడు. 1953లో డువిన్యో ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బిడ్డ గుండె చూస్తూ, చుక్కచుక్కగా ఎక్కిస్తే వరం. చేపు రావడానికి గేదెలకు పొడిచేదీ అదే మందు. ఊళ్ళలో ఇళ్ళ దగ్గరే ఆడవాళ్ళకూ పొడిచారు. మా పిన్ని తొలి కాన్పప్పుడు ఊరి వైద్యుడొకాయన ఆలస్యమవుతోందని ఒక సూది వేశాడు. నొప్పులు తెరిపి లేకుండా వచ్చాయి. బిడ్డ పుట్టి ఏడవలేదు. ఆ సూదిలో ఏముందో ఇంట్లో ఎవరూ అడగలేదు. "నా రాత" అనుకుంది పిన్ని. ఇంకా అలాగే అనుకుంటోంది.

ఇదంతా చదివాక మా అక్కకు చెప్పింది ఇదే. నడక మంచిది, ఖర్జూరం మంచిది, నిద్ర ఇంకా మంచిది. ఆముదం, పసరు, వేరు, ఇంట్లో సూది వద్దు. తేదీ దాటితే డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. 41 వారాలు దాటాక ఊరికే ఎదురుచూడటం కూడా మంచిది కాదు. బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా తేదీతో పని లేకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరు నొప్పులు తెప్పిద్దామంటే "ఎందుకు? ఇంకా ఆగితే ఏమవుతుంది?" అని అడగడానికి మొహమాటపడకూడదు. మా పిన్ని తరానికి ఆ ప్రశ్న నోట రాలేదు. మన పిల్లలకైనా రావాలి. ఇక ఫోన్లంటారా, వారం రోజులు వాటికి అక్కే జవాబు చెప్పాలని, పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకూడదని తీర్మానించుకున్నాం.