పథ్యం దారి

వడ్డించేవాళ్ళు బూరెల పళ్ళెంతో విస్తరి దగ్గర ఆగితే చెయ్యి అడ్డం పెట్టి ‘పథ్యమండీ’ అంటాం. తినకూడదని భావం. నిజానికి ఆ మాటలో నిషేధం పిసరంత కూడా లేదు. పథ్యమంటే తినదగినది, తినకూడనిది అపథ్యం. ఆ లెక్కన బూరెను చూసి ‘అపథ్యమండీ’ అనాలి. అంటే వంటాయన నొచ్చుకుంటాడు గనక ఎవరూ అనరు.

బాలింతకు పథ్యం పెట్టడం అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడ ఏం మాన్పించాలన్నదానికంటే ఏం పెట్టాలన్నదే ముఖ్యం.

మాట పుట్టింది ‘పథిన్’ నుంచి. అంటే దారి. పాణిని తన వ్యాకరణంలోని నాలుగో అధ్యాయంలో ధర్మం, పథం, అర్థం, న్యాయం అనే నాలుగింటినీ ఒకే సూత్రంలో ఒక గాటన కట్టాడు. వీటికి ‘యత్’ ప్రత్యయం చేరితే ‘దాన్నుంచి తొలగనిది’ అని అర్థం వస్తుంది. ధర్మం తప్పనిది ధర్మ్యం, న్యాయం తప్పనిది న్యాయ్యం, దారి తప్పనిది పథ్యం. పత్యం, పత్తెం అంటూ వంటింట్లో నలిగే మాటకు ఎంత పెద్ద చుట్టరికాలు!

దూరపు చుట్టాలూ ఉన్నారు. రష్యన్‌లో దారిని ‘పుత్’ అంటారు, మన పంథాకు దాయాది. 1957లో నింగికెగిరిన స్పుత్నిక్ పేరులో ఉన్నది అదే. ‘తోటి బాటసారి’ అని దాని అర్థం. కరక్కాయకు సంస్కృతంలో ‘పథ్యా’ అని ఒక పేరు. నడక తప్పని అనుష్టుప్ శ్లోకాన్నీ ‘పథ్యా’ అనే అంటారు, నడక కాస్త మారితే ‘విపులా’. పండగ మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే మనలో చాలామంది విపులా శాఖకే చెందుతాం.

ఆ రక్తపరీక్షలో బయటపడే జబ్బు పేరులోనూ నడకే ఉంది. గ్రీకులో ‘డయాబెటిస్’ అంటే గుండా సాగిపోయేది. తాగిన నీరు తాగినట్టే ఒంట్లోంచి వెళ్ళిపోతుందని ఆ పేరు. అందులోని ‘బైనో’ అనే క్రియా, మన ‘గమ్’ ధాతువూ ఒకే మూలానికి చెందినవి. మనవాళ్ళు తీపిని పట్టుకుని మధుమేహమన్నారు. ‘మిహ్’ ధాతువుకు కార్చడం అని అర్థం. ప్రాచీన నిరుక్తకారుడు యాస్కుడు మేఘాన్ని కూడా దీనికే ముడిపెట్టాడు. నేటి భాషావేత్తలు ఆ రెంటినీ విడదీశారు గానీ నా ఓటు యాస్కుడికే.

వాడుకలో మాత్రం అది ‘షుగర్’. శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుక పలుకు. ఆ మాట పారశీకం, అరబ్బీ, లాటిన్, ఫ్రెంచి తిరిగి ఇంగ్లీషు వేషంలో మళ్ళీ మనింటికే వచ్చింది. డబ్బాలో ఉన్నది చక్కెర, రక్తంలో ఉన్నది షుగర్. మొదటిది మానేస్తే రెండోది దానంతటదే దిగుతుందని మన నమ్మకం. కాఫీలో చక్కెర మానేసి బెల్లం వేసుకునేవారున్నారు. బెల్లమూ చాలావరకు చక్కెరే. రాత్రి అన్నం మానేశామని నాలుగు ఇడ్లీలు తినేవారున్నారు. ఇడ్లీలో ఎక్కువపాలు బియ్యపు రవ్వే. ఆ పిండిపదార్థమంతా పేగుల్లో గ్లూకోజుగానే మారుతుంది. పీచు ఎక్కువున్న కూరా, పప్పూ తోడైతే ఆ గ్లూకోజు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

అన్నానికీ వరికీ పుట్టుకతో సంబంధమేమీ లేదు. ‘అద్’ ధాతువు నుంచి వచ్చిన మాట అది. తినేదేదైనా అన్నమే. మనమే దాన్ని వరికి రాసిచ్చేశాం. పళ్ళెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతే అన్నం ఉండాలని ఇప్పుడు వైద్యులు చెబుతుంటే దిగులు పడతాం. పాత అర్థంలో చూస్తే ఆ పళ్ళెం నిండా అన్నమే.

పథ్యానికి ‘లంకణం’తో తరచూ పొరపాటు సంబంధం కలుపుతారు. లంకణం అసలు రూపం లంఘనం, అంటే దూకడం. హనుమంతుడు సముద్రాన్ని లంఘించాడు, మనం పూటను లంఘిస్తాం. ఇన్సులిన్‌ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకు ఈ దూకుడు ప్రమాదం. మందు తన పని తాను చేసుకుపోతుంది, తిండి అందదు, గ్లూకోజు 70 కన్నా దిగువకు జారి చెమటలు, వణుకు పట్టుకుంటాయి. దారిన నడిచేది పథ్యం, దూకేది లంఘనం. రెండూ ఒకటి కావు.

పథ్యం రుచిగా ఉండాలా, చేదుగా ఉండాలా? ఇక్కడ పెద్దల్లోనే తగువుంది. రామాయణంలో మారీచుడు రావణుడికి బుద్ధి చెబుతూ పథ్యాన్ని అప్రియం పక్కన కూర్చోబెట్టాడు. అక్కడ సంగతి తిండి కాదు, మాట. ఆయుర్వేద వైద్యుడు చరకుడు మాత్రం దేహపు దారులకు చెరుపు చేయకపోవడంతో పాటు మనసుకు నచ్చడం కూడా పథ్యం లక్షణమే అన్నాడు. మనింట్లో మారీచుడే గెలిచాడు. పొద్దున్నే కాకరకాయ రసం, ముఖం చిట్లింపు, పది రోజులకు విరమణ. ఏళ్ళ తరబడి తినాల్సినదాని గురించి మాట్లాడుతున్నప్పుడు చరకుడి మాటే పథ్యం. గుత్తివంకాయ, గోంగూర పప్పు, మెంతికూర ఉన్న భాషలో చేదు రసమే పథ్యమని ఎవరన్నారు?

మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు పథ్యంలోని దారిని దాదాపు అక్షరాలా తీసుకున్నాడు. మేహం పట్టిన బీదవాణ్ణి ఊరికొక రాత్రి చొప్పున ఉంటూ, బిచ్చమెత్తుకు తింటూ నూరు యోజనాలకు తక్కువ కాకుండా నడవమన్నాడు. అదీ చెప్పులూ గొడుగూ లేకుండా. నడక విషయంలో నేటి వైద్యులకు ఆయనతో పేచీ లేదు. చెప్పుల దగ్గరే ఒప్పుకోరు. ఈ జబ్బులో పాదాలు మొద్దుబారి, ముల్లు దిగినా తెలియకపోవచ్చు గనక, ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగొద్దంటారు.