పాత కారు ఇంజిన్‌కు పవర్ పెంచాలా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ కారు ఉంటే ఈ మాట తరచూ వినపడుతుంది: "బండి ముందులా లాగడం లేదు." అమ్మీ, అబ్బా, పిల్లలు అందరూ ఎక్కి, ఏసీ వేసి ఊరికి బయలుదేరితే చిన్న ఎత్తు దగ్గర కూడా గేరు తగ్గించాల్సి వస్తుంది. అప్పుడే ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "చిప్ వేయించండి భాయ్, పికప్ చూడండి ఎలా ఉంటుందో!"

పవర్ పెంచడం సాధ్యమే, అబద్ధం కాదు. కానీ బాగా తిరిగిన ఇంజిన్ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: ఉన్న పవర్ ఎక్కడికి పోయింది?

అసలు ఏం మారుస్తారు?

ఎంత డీజిల్ చిమ్మాలి, ఎప్పుడు చిమ్మాలి, టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెట్టాలి అనేది నిర్ణయించే చిన్న కంప్యూటర్ పేరు ఈసీయూ. అందులోని లెక్కలు మార్చడమే రీమ్యాప్. ట్యూనింగ్ బాక్స్ పని వేరే రకం. అది సెన్సర్ పంపే సంకేతాన్ని మార్చి చూపిస్తుంది. ఒత్తిడి తక్కువగా ఉందనుకుని ఈసీయూ ఇంకా పెంచుతుంది.

కంపెనీ ఇంజిన్ చేసేటప్పుడే కొంత వెసులుబాటు వదులుతుంది. నాసిరకం డీజిల్, మండే ఎండ, నిండా లోడు, ఆలస్యంగా మార్చిన ఆయిల్, వీటన్నిటినీ తట్టుకోవడానికే అది. రీమ్యాప్ వాడుకునేది ఆ వెసులుబాటునే. పాత ఇంజిన్‌లో అరుగుదల అప్పటికే దాన్ని చాలావరకు తినేసి ఉంటుంది.

మనకు తెలిసిన ఇంజిన్ లెక్క

ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్‌నే తీసుకుందాం. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ కార్లలో మన రోడ్ల మీద లెక్కలేనన్ని తిరిగాయి. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇప్పుడు తిరుగుతున్నవన్నీ వయసు మీద పడ్డవే.

ఇదే ఇంజిన్‌ను ఎర్టిగా, ఎస్ఎక్స్4 కార్లలో 90 పీఎస్‌తో ఇచ్చారు. దానికోసం ఫిక్స్‌డ్ టర్బో తీసి, రెక్కల కోణం మారే వేరియబుల్ జామెట్రీ టర్బో పెట్టారు. అంత చేసినా టార్క్ 190 నుంచి 200కే పెరిగింది. పవర్ 20 శాతం పెరిగితే టార్క్ 5 శాతమే పెంచారన్నమాట.

క్లచ్, గేర్‌బాక్స్, కనెక్టింగ్ రాడ్, బేరింగుల మీద పడే దెబ్బ ముఖ్యంగా టార్క్ వల్లే. కాబట్టి "ఎన్ని హార్స్ పవర్ పెరుగుతుంది?" అని అడిగి ఊరుకోవద్దు. "టార్క్ ఎంత పెంచుతున్నారు, ఏ ఆర్‌పీఎం దగ్గర?" అని అడగండి. జవాబు చెప్పలేని వాళ్ల చేతికి బండి ఇవ్వొద్దు.

ముందు చేయించాల్సిన పరీక్షలు

1. బ్లో-బై: ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీయండి. పొగ బుసబుసా ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయన్న అనుమానం.

2. కంప్రెషన్: నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా చూపించాలి. ఒకటి బాగా తక్కువ ఉంటే పవర్ పెంచే ఆలోచన అక్కడితో ఆపేయాలి.

3. ఇంజెక్టర్లు: ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను చిన్న సీసాల్లో పట్టి పోలుస్తారు. ఒకదాంట్లో ఎక్కువ వస్తే అది లీకవుతున్నట్టు.

4. టర్బో: షాఫ్ట్ ఊగులాట చూడాలి. ఇంటర్‌కూలర్ పైపులో ఆయిల్ పేరుకుని ఉంటే సీళ్లు చూపించాలి.

5. క్లచ్: ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

6. పొగ రంగు: నల్లపొగ అంటే గాలి చాలక డీజిల్ ఎక్కువైంది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి.

సెకండ్ హ్యాండ్ బండి అయితే మీటరును నమ్మొద్దు. డిజిటల్ మీటరునూ వెనక్కి తిప్పుతారు. సర్వీస్ రికార్డు తీయించండి.

పోయిన పవర్‌ను వెనక్కి తెచ్చుకోండి

చాలా బండ్లలో లోపం చిన్నదే ఉంటుంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, చీలిన ఇంటర్‌కూలర్ హోస్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్, పట్టేసిన బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు. స్కానర్ పెట్టి ఈసీయూ అడిగిన బూస్ట్ ఎంత, నిజంగా వస్తున్నది ఎంత అని చూస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది. ఇవి సరిచేయించాక బండి నడిపి చూడండి. "ఇక చిప్ ఎందుకు?" అని మీకే అనిపించవచ్చు.

అయినా పెంచాలనుకుంటే

పరీక్షలన్నీ పాసైతే తక్కువ మోతాదులో ఆగండి. ముందు రేడియేటర్, కూలెంట్, థర్మోస్టాట్, బ్రేకులు, టైర్లు సరిగ్గా ఉండాలి. వేగం పెరిగే బండికి ఆగే శక్తి కూడా కావాలి. అసలు ఈసీయూ ఫైల్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆయిల్‌ను గడువుకు ముందే మార్చండి. హైవే మీద గట్టిగా నడిపాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపితే టర్బోకు మేలు. నల్లపొగ వస్తే ఆ మ్యాప్ తీసేయించండి. ఆ వేడికి పిస్టన్ కరిగిన సందర్భాలున్నాయి.

పెట్రోలు బండిలో సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చితే చప్పుడు పెరిగినంతగా పవర్ పెరగదు.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఇంటిల్లిపాదీ ప్రయాణించే బండికి అది చిన్న విషయం కాదు.

అందుకే వరుస ఇది: ముందు పరీక్ష, తర్వాత మరమ్మతు, ఆ తర్వాతే పవర్. చిప్‌కు పెట్టే డబ్బు ముందు క్లచ్‌కు, ఇంజెక్టర్లకు, బ్రేకులకు పెట్టండి. రెండు లక్షలు తిరిగిన బండి ఇంకో లక్ష నమ్మకంగా తిరిగితే, అంతకు మించిన అప్‌గ్రేడ్ లేదు.