నీటి అడుగున పుట్టిన నేల: నెదర్లాండ్సు

ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు విమానములో పోవు యాత్రికుడు స్కిపోల్ విమానాశ్రయమున దిగును. చక్రములు నేలను తాకు వేళకు అతడు సముద్రమట్టమునకు 3 మీటర్లకు పైగా దిగువన ఉండును. ఈ సంగతి ఎవరైన చెప్పిననేగాని తెలియదు. 1573లో ఇదే చోట స్పెయిన్ నౌకలకును, తిరుగుబాటు చేసిన డచ్చివారి నౌకలకును యుద్ధము జరిగినది. ఆనాడిది హార్లెమ్ సరస్సు. ఓడలు పోరాడిన చోట నేడు విమానములు వ్రాలుచున్నవి.

నెదర్లాండ్సు దేశములో సుమారు నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువన ఉన్నది. ఇది ప్రకృతి చేసిన ఏర్పాటని తలచుట పొరపాటు. వేయి సంవత్సరములకు పూర్వము పడమటి ప్రాంతము సముద్రమునకు ఎగువనే ఉండెను. నాచు, రెల్లు మొదలగు మొక్కలు వేలయేండ్లు నీటిలో నాని పొరలు పొరలుగా పేరుకొనగా ఏర్పడిన మెత్తని నేల అది. దానిని పీట్ అందురు. రైతులు సేద్యము కొరకు కాలువలు త్రవ్వి అందలి నీటిని తీసివేసిరి. నీరు పోయిన చోటికి గాలి చొరబడెను. అంతవరకు కుళ్లక నిలిచిన మొక్కల పదార్థము కుళ్లి క్షీణించెను, నేల క్రుంగెను. క్రుంగిన నేలలో మరల నీరు నిలిచెను. మరల కాలువలను లోతు చేసిరి. నేల మరికొంత క్రుంగెను. దీనికితోడు ఎండిన పీటును వంటచెరకుగా త్రవ్వి అమ్ముకొనిరి. త్రవ్విన గుంటలు చెరువులైనవి, చెరువులు అలల తాకిడికి గట్లు తెగి సరస్సులైనవి. డచ్చివారు సముద్రముతో పోరాడిరని అందరు చెప్పుదురు. ఆ శత్రువును ఇంటికి పిలిచినవారును వారే.

కరకట్టలు లేక బ్రతుకు లేదు. ఒకరి కట్ట తెగినచో పదూళ్లు మునుగును. అందుచే 13వ శతాబ్దినాటికే నీటి మండలులు వెలసినవి. తన వంతు కట్టను కాపాడలేని రైతు తన పారను కట్టపై గ్రుచ్చి, ఊరు విడిచిపోవలెను. ఆ పారను పెరికినవానికి పొలమును, దానితో కట్ట బాధ్యతయు సంక్రమించును. కఠినమైన ఆచారమే! ఆ మండలులు నేటికిని 21 ఉన్నవి. వాటికి ఎన్నికలు జరుగును, అవి పన్ను విధించును.

కట్ట కట్టినంతమాత్రమున లోపలి నీరు పోదు గదా! దానిని పైకెత్తి వెలుపలకు పోయుటకు గాలిమర అక్కరకు వచ్చినది. గాలికి తిరుగు రెక్కలు ఒక తెడ్ల చక్రమును త్రిప్పును. ఆ తెడ్లు నీటిని ఎగువ కాలువలోనికి నెట్టును. ఒక మర ఎత్తగల ఎత్తు స్వల్పము. కనుక లోతైన చోట మూడు నాలుగు మరలను మెట్ల వలె వరుసగా నిలిపిరి. బీమ్‌స్టర్ అను సరస్సును ఇట్లే నలుబదికి పైగా మరలతో తోడిరి. 1610లో తుఫానుకు కట్ట తెగి అంతయు మునుగగా, మరల తోడి 1612నాటికి ఎండగట్టిరి. దీనికి పెట్టుబడి పెట్టిన ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులలో ముఖ్యుడగు డిర్క్ వాన్ ఓస్, డచ్చి ఈస్టిండియా కంపెనీ డైరెక్టరులలో ఒకడు. ఆ దినములలోనే ఆ కంపెనీ మచిలీపట్నమున కోఠీ పెట్టి మన తీరపు అద్దకపు బట్టలను కొనుచుండెను. బందరులోని వలందపాలెము పేరున ఆ హాలెండువారి గుర్తు ఇంకను నిలిచియున్నది.

హార్లెమ్ సరస్సు గాలిమరలకు లొంగలేదు. 1836లో తుఫాను గాలులకు దాని నీరు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ ముంగిటికిని, మరొకసారి లైడెన్ వైపునకును పొంగినది. అప్పుడు గాని ప్రభుత్వమునకు పట్టుదల కలుగలేదు. మూడు ఆవిరియంత్రములను నెలకొల్పి 1849 మొదలు 1852 వరకు రాత్రింబవళ్లు తోడి, సుమారు 80 కోట్ల ఘనపు మీటర్ల నీటిని వెలుపలకు పంపిరి. వానిలో ఒకటగు క్రూకియస్ యంత్రము నేడు ప్రదర్శనశాలలో నున్నది. దాని పెద్ద సిలిండరు వ్యాసము 3 మీటర్లన్నర పైమాటే.

చూడవలసిన మరొక చోటు స్కోక్‌లాండ్. ఇది గోధుమ, బంగాళదుంప పొలముల నడుమ కొద్దిగా ఎత్తైన సన్నని మెరక. దాని అంచున పాత చెక్క అడ్డుకట్టలు, ఒక చివర రేవు కనిపించును. రేవు ముందు నీరు లేదు, పచ్చికయే. ఒకప్పుడిది ద్వీపము. ఏటేట అలలు తినివేయగా, సుమారు 650 మంది జాలరులను 1859లో రాజాజ్ఞ చేత అక్కడినుండి తరలించిరి. తరువాత ఇంజనీరు కార్నెలిస్ లేలీ పథకము ప్రకారము 1932లో 32 కిలోమీటర్ల అడ్డుకట్టతో ఆ సముద్రపు పాయను మూసిరి. 1942లో ద్వీపము చుట్టునున్న నీరంతయు పోయినది. సముద్రమునకు వెరచి జనులు విడిచిన ద్వీపమును చివరకు సముద్రమే విడిచిపోయినది.

ఇంత నేర్పు గలవారును 1953లో మోసపోయిరి. జనవరి 31 శనివారము రాత్రి, పౌర్ణమి పోటు మీదికి వాయవ్యపు పెనుగాలి తోడై ఉత్తర సముద్రము ఉబికినది. మన దివిసీమ జనులు 1977లో చవిచూచిన ఉప్పెన వంటిదే ఇది. నైరృతి ద్వీపములలో కట్టలు తెగి 1836 మంది మరణించిరి. కట్టల ఎత్తు చాలదని ఇంజనీరు యోహాన్ వాన్ వేన్ ఎన్నో ఏండ్లుగా హెచ్చరించుచుండెను. యుద్ధానంతరము ధనము ఇతర పనులకు పోయినది. రేడియో అర్ధరాత్రితో ఆగిపోవుటచే నిద్రించువారిని లేపువారు లేకపోయిరి. ఔవర్‌కెర్క్ వద్ద చివరి గండిని నవంబరులో నాలుగు కాంక్రీటు పెట్టెలను ముంచి పూడ్చిరి. నేడు ఆ పెట్టెల లోపలనే ఉప్పెన ప్రదర్శనశాల ఉన్నది.

పిమ్మట నదీముఖములను మూయు మహాపథకము సాగినది. తూర్పు షెల్ట్ ముఖమును గట్టిగా మూసివేయవలెనని మొదట తలచిరి. ఆల్చిప్పలు, చేపలు నశించునని జాలరులు, ప్రకృతి ప్రేమికులు ఎదిరించిరి. ప్రభుత్వము తలయొగ్గి, మామూలు దినములలో తెరచియుంచి, ఉప్పెన వేళ దించు 62 ఉక్కు తలుపులతో అడ్డుకట్టను నిర్మించి 1986లో ప్రారంభించినది. ఖర్చు పెరిగినమాట నిజమే, కాని పోటు పాటులు నిలిచినవి.

1995లో ముప్పు సముద్రమునుండి గాక నదులనుండి వచ్చినది. సుమారు రెండున్నర లక్షల మందిని ఇండ్లనుండి తరలించవలసివచ్చెను. కట్టలను ఇంకను ఎత్తు చేయుటకు బదులు కొన్నిచోట్ల నదికే చోటిచ్చిరి. ఓవర్‌డీప్ అను పల్లపు ప్రాంతమున రైతులే ఒక ఉపాయము చెప్పిరి: కట్టను తగ్గించి, వరద వచ్చినపుడు పొలములను మునుగనిచ్చి, ఇండ్లను, పశువుల కొట్టములను ఎత్తైన మట్టిదిబ్బలపై కట్టుకొందుమనిరి. అట్టి దిబ్బలు నేడక్కడ ఎనిమిది ఉన్నవి. కరకట్టలు పుట్టకముందు, రెండు వేల యేండ్ల క్రిందట, ఉత్తర తీరమున వారి పూర్వికులు కాపురముండినదియు ఇట్టి దిబ్బలమీదనే.