తూర్పు తీరపు వైర్‌లెస్ గది

తూర్పు తీర రక్షణ చరిత్ర రాసినవారు ఎక్కువగా నౌకలనే లెక్కపెట్టారు. ఏ ఏడాది ఏ నౌక దళంలో చేరింది, ఏ యుద్ధంలో ఏది ఎక్కడ నిలిచింది అన్న వివరాలతోనే ప్రత్యేక సంచికల పుటలు నిండుతూ వచ్చాయి. ఆ నౌకలు ఎటు వెళ్లాలో చెప్పిన వైర్‌లెస్ గదిని గాని, అందులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వంతులవారీగా రాత్రింబవళ్లు కూర్చున్న టెలిగ్రాఫిస్టులను గాని ఒకటి రెండు వాక్యాలతో దాటవేయడం ఆనవాయితీ అయింది. కాకినాడ నుంచి విశాఖపట్నం దాకా ఉన్న తీరం గత శతాబ్దంలో చూసిన ప్రధాన ఘట్టాలను పరిశీలిస్తే, ఫలితాన్ని నిర్ణయించింది చాలాసార్లు అందిన సందేశమో, అందని సందేశమో, కావాలని పంపిన అబద్ధపు సందేశమో అని తేలుతుంది.

విశాఖపట్నంలోని నౌకాదళ స్థావరం రెండో ప్రపంచ యుద్ధపు తొలి నెలల్లో, 1939లో, ‘సర్కార్స్’ అనే పేరుతో ఏర్పడింది. ఆ పేరు ఉత్తర సర్కారులది. రాజమహేంద్రవరం, ఏలూరు సర్కారులు వాటిలో భాగం కనుక గోదావరి జిల్లాల పాత పాలనా చరిత్ర కూడా ఈ స్థావరం పేరులో ఇమిడి ఉంది. అప్పటి రాయల్ ఇండియన్ నేవీ చాలా చిన్నది. ప్రమాదం పడమటి నుంచే వస్తుందని పాలకులు నమ్మినంత కాలం తూర్పు తీరానికి దక్కిన శ్రద్ధ కూడా స్వల్పమే. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను, అండమాన్ దీవులు జపాను వశం కావడంతో బంగాళాఖాతం ఉన్నట్టుండి యుద్ధరంగమైంది.

ఆనాటి సమాచార పద్ధతిని కొంత తెలుసుకోవాలి. దూర ప్రాంతాలకు సందేశం పంపడానికి నౌకాదళాలు ప్రధానంగా హ్రస్వ తరంగాలను వాడేవి. భూమికి చాలా ఎత్తున ఉండే అయనావరణం అనే విద్యుదావేశపు పొర ఈ తరంగాలను తిరిగి నేలవైపు మళ్లిస్తుంది కాబట్టి అవి వందలు, వేల మైళ్లు వెళ్లగలవు. సందేశాన్ని ముందుగా సంకేత లిపిలోకి మార్చి, మోర్స్ పద్ధతిలో పొట్టి, పొడుగు ధ్వనులుగా ‘కీ’ మీద కొట్టేవారు. కీ కొట్టే తీరు ఒక్కొక్కరిది ఒక్కో విధంగా ఉంటుంది గనుక, అనుభవమున్న శ్రోత అక్షరాలు అర్థం కాకపోయినా కొట్టినవాడిని గుర్తుపట్టగలిగేవాడు. తరంగం ఏ దిక్కు నుంచి వస్తోందో రెండు మూడు చోట్ల నుంచి కొలిచి పంపినవారి స్థానాన్ని అంచనా కట్టడాన్ని దిశా నిర్ధారణ అంటారు. ఈ ప్రమాదం వల్లనే సముద్రంలో ఉన్న నౌకాదళం వినడమే తప్ప ఏమీ పంపకుండా ఉండేది. దాన్ని రేడియో మౌనం అన్నారు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీదికి వెళ్లిన జపాను వాహక నౌకలు ఆ మౌనాన్ని పాటించగా, అవి స్వదేశపు జలాల్లోనే ఉన్నాయనిపించేలా జపాను తీరం నుంచి బూటకపు సంకేతాలు సాగాయి.

1942 ఏప్రిల్ 4న సింహళానికి ఆగ్నేయంగా గస్తీ తిరుగుతున్న కెనడా వైమానిక దళపు కాటలీనా విమానం అడ్మిరల్ నగుమో నడుపుతున్న జపాను నౌకాదళాన్ని చూసింది. స్క్వాడ్రన్ లీడర్ లియొనార్డ్ బర్చల్ నడిపిన ఆ విమానం మీద శత్రు యుద్ధ విమానాలు విరుచుకుపడుతున్నా, దాని వైర్‌లెస్ ఆపరేటరు నౌకల స్థానాన్ని, దిశను మోర్స్‌లో పంపుతూనే ఉండి, విమానం కూలేలోగా హెచ్చరికను కొలంబోకు చేర్చగలిగాడు. మరునాడు కొలంబోపై దాడి జరిగేసరికి రేవులోని నౌకలను చాలావరకు బయటికి పంపగలిగారు.

బంగాళాఖాతపు ఉత్తర భాగానికి అటువంటి సందేశం అందలేదు. అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని మరో దళం ఒరిస్సా, ఆంధ్ర తీరాల వెంబడి చొరబడి, ఏప్రిల్ 5, 6 తేదీల్లో సుమారు 20 వాణిజ్య నౌకలను ముంచివేసింది. ఆ దళానికి చెందిన ‘ర్యూజో’ వాహక నౌక విమానాలు ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నం రేవులపై బాంబులు వేశాయి. కాకినాడ సముద్రం లోతు తక్కువ; పెద్ద నౌకలు తీరానికి చాలా దూరాన లంగరు వేసుకోగా పడవల మీద సరుకు చేరవేసే రేవు అది, కనుక నిలిచి ఉన్న నౌకలకు దాక్కునే చోటే లేదు. నష్టం పరిమాణంలో పెద్దది కాకపోయినా దాని ప్రభావం పెద్దది: రెండు పట్టణాల నుంచీ జనం లోపలి పల్లెలకు తరలిపోయారు. కొద్దిరోజుల్లోనే, రాని జపాను నౌకాదళం వచ్చేస్తోందన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను చాలావరకు లోపలి ప్రాంతాలకు తరలించింది. నిజమైన దాడికి హెచ్చరిక లేకపోవడం, లేని దాడికి రాజధాని ఖాళీ కావడం ఒకే వారంలో జరిగాయి. ఈ రెండో సంగతిని అధికారిక చరిత్రలు తొందరగా దాటిపోతాయి. ఆనాడు విశాఖలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి నేటికీ విశాఖ మ్యూజియంలో ఉంది.

యుద్ధకాలంలో నౌకాదళం విస్తరించడంతో చదువుకున్న యువకులు పెద్ద సంఖ్యలో సమాచార శాఖలో చేరారు. వారి శిక్షణ కేంద్రం బొంబాయిలోని ‘తల్వార్’. నౌక పేరు పెట్టుకున్నా అది ఒడ్డున ఉన్న పాఠశాలే. 1946 ఫిబ్రవరి 18న తిండి నాసిరకంగా ఉందని, అధికారులు జాతి దూషణలు చేస్తున్నారని అక్కడి నావికులు సమ్మెకు దిగారు. సమ్మె సంఘానికి అధ్యక్షుడైన ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడైన మదన్ సింగ్ ఇద్దరూ సమాచార శాఖవారే. ఆ సమ్మె రెండు మూడు రోజుల్లో కరాచీ నుంచి కలకత్తా దాకా పాకడానికి కారణం వెతకడం కష్టం కాదు: ప్రతి నౌకలోనూ సందేశం అందుకునే గదిలో కూర్చున్నది వారి సహాధ్యాయే. విశాఖపట్నంలోని నావికులు కూడా సమ్మెలో చేరారు. పై అధికారి ఇచ్చిన మాటను మార్చకుండా చేరవేయడమే వృత్తిధర్మంగా నేర్చినవారు తమ సొంత మాటను పంపిన సందర్భం ఇది. ఫిబ్రవరి 23న సమ్మె విరమించినా దాని ప్రకంపనలు లండను దాకా వెళ్లాయి.

తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చి 1న ఏర్పడింది. నాలుగేళ్లు తిరగకముందే పాకిస్తాన్‌తో వచ్చిన 1971 యుద్ధంలో ఆ కమాండ్‌కు వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అధిపతి. బాయిలరులో పగుళ్ల వల్ల పూర్తి వేగంతో నడవలేని ‘విక్రాంత్’ విమాన వాహక నౌకను కాపాడుకోవడం ఆయన ముందున్న చిక్కు. దాన్ని వెతికి ముంచడానికి పాకిస్తాన్ తన జలాంతర్గామి ‘గాజీ’ని నవంబరు 14న కరాచీ నుంచి పంపింది. అమెరికా నుంచి తెచ్చుకున్న ఆ పాత జలాంతర్గామి తప్ప అంత దూరం రాగల సామర్థ్యం పాకిస్తాన్‌కు మరోదానికి లేదు.

కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌కు పంపి, అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించే పని మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు డిస్ట్రాయర్ ‘రాజ్‌పుత్’ను విశాఖకు సుమారు 160 మైళ్ల దూరానికి పంపి, అక్కడ నుంచి వాహక నౌక పంపేటంతటి వైర్‌లెస్ రద్దీని సృష్టించారు. సందేశాల అర్థం తెలియకపోయినా వాటి సంఖ్యను, వేళలను, రాకపోకలను బట్టి ఎదుటి దళాన్ని పోల్చుకోవడాన్ని ట్రాఫిక్ విశ్లేషణ అంటారు. శత్రువు అదే చేస్తాడని ఎరిగి అల్లిన బూటకమిది. తల్లి ఆరోగ్యం వాకబు చేస్తూ విక్రాంత్ నావికుడు పంపినట్టు ఒక మామూలు తంతిని కూడా కావాలనే బయటికి పోనిచ్చారు. ఊరి కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చి, ఆ కబురు చేరవలసిన చెవులకు చేరనిచ్చారు. ఈ ఏర్పాట్లలో అతి కష్టమైన భాగం మాత్రం టెలిగ్రాఫిస్టులదే: ఒక్క నౌకలో ఉండి పెద్ద దళం మాట్లాడుతున్నట్టు వినిపించడం, అండమాన్‌లోని విక్రాంత్‌లో ఉన్నవారు ఒక్క చుక్క కూడా కీ మీద కొట్టకుండా ఉండటం.

జలాంతర్గాములకు, సముద్రపు మందుపాతరలను తొలగించే నౌకలకు మాత్రమే పనికివచ్చే ఒక రకం కందెన నూనె గురించి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్‌కు వెళ్లిన పాకిస్తాన్ విచారణ సందేశం మన శ్రోతల చెవిన పడిందని, దానితోనే గాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందని ఖాయమైందని నాటి అధికారులు తర్వాత రాశారు. వాహక నౌక రేవులో ఉందని, వెంటనే విశాఖకు వెళ్లమని నవంబరు 25న గాజీకి ఆదేశం వెళ్లినట్టు కృష్ణన్ తన పుస్తకంలో పేర్కొన్నారు. ఆనాటికి విక్రాంత్ అండమాన్‌లో ఉంది.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రాజ్‌పుత్ రేవు నుంచి బయలుదేరి, ముందు నీటిలో కలకలం కనిపించిన చోట రెండు డెప్త్‌చార్జిలను, అంటే నిర్ణీత లోతులో పేలే బాంబులను, జారవిడిచింది. కాసేపటికి పట్టణమంతా వినిపించిన పేలుడు వచ్చింది. తెల్లవారాక జాలరులు నీటిపై తేలిన శకలాలు తెచ్చి ఇచ్చారు. గాజీ మునకకు రాజ్‌పుత్ దాడే కారణమని భారత నౌకాదళం, అది తాను పరిచిన మందుపాతరకే బలైందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఆ వాదం తేలకపోయినా, విక్రాంత్ లేని చోటికి గాజీని రప్పించిన ఖ్యాతి వైర్‌లెస్ గదిదే. డిసెంబరు 4నే విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్‌పై దాడి చేశాయి.

జలాంతర్గాములతో మాట్లాడటం నౌకాదళాలన్నిటికీ మొదటినుంచీ సమస్యే, ఎందుకంటే మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో చొరబడలేవు. 3 నుంచి 30 కిలోహెర్ట్‌జ్ మధ్య ఉండే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు చేరతాయి. అయితే వాటి పొడవు పదుల కిలోమీటర్లు కావడం వల్ల ప్రసారానికి విశాలమైన స్థలం, ఎత్తయిన స్తంభాలు కావాలి. మన నౌకాదళానికి ఇలాంటి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర 1990లో పని మొదలుపెట్టింది. రెండోదానికి, తూర్పు కమాండ్ పరిధిలో, తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని, మూసీ నది పుట్టే చోటు దెబ్బతింటుందని స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన నౌకాదళానికి ఏం పని అన్న ప్రశ్న కూడా వినిపించింది, దానికి జవాబు పైన చెప్పిన తరంగాల పొడవులోనే ఉంది. అక్కడి నుంచి వెళ్లే ఆదేశాన్ని నీటి అడుగున ఉన్న జలాంతర్గామి వినగలదు గాని అదే మార్గంలో బదులు పంపలేదు. బదులు పంపాలంటే నీటిపైకి యాంటెన్నా ఎత్తాలి.