ఓటు పెట్టె నుంచి ఓటు మీట దాకా



హొసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా ఓట్ల రోజున మనం చేసే పని ఒక్కటే. వరుసలో నిలబడతాం. ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టించుకుంటాం. అట్టతెర వెనక్కి పోయి నీలం మీట నొక్కుతాం. బీప్‌మని చప్పుడు కాగానే బయటికి వస్తాం. పని ఒకటే గాని దానికి పలికే మాటలు వేరు. తమిళంలో ఓటు వేసే చోటును వాక్కుచ్చావడి అంటారు. చావడి మనకూ ఉన్న మాటే కనుక చిక్కు లేదు. చిక్కంతా కన్నడంతోనే. అక్కడ మత అంటే ఓటు, మతగట్టె అంటే ఓటు వేసే చోటు. గోడమీద 'మతదాన' అని చదివిన మనవాడు, మతాన్ని దానం చెయ్యమంటున్నారేమిటి చెప్మా అనుకుంటే తప్పు అతనిది కాదు.

నేను బడిపంతుల్ని. ఎన్నికల పనికి పోని పంతులు మన దేశంలో అరుదు. ఆ పనిలో పదే పదే ఎదురైన ప్రశ్నలు మూడున్నాయి. మొదటిది పెద్దవాళ్ళు అడిగేది, "ముద్ర ఎక్కడయ్యా?" అని. రెండోది, "ఇది కరెంటు కొట్టదు గదా?" అని. మూడోది గొంతు తగ్గించి అడుగుతారు. "నేనెవరికి వేశానో ఇందులో రాసి ఉంటుందా?" మొదటి రెండూ నవ్వుతూ తీర్చేవే. మూడోదానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

స్వతంత్ర భారతంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. అప్పుడు ముద్రా లేదు, మీటా లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనుప పెట్టె. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు. తెర వెనక ఈ పెట్టెలన్నీ వరుసగా ఉండేవి. చేతికిచ్చిన కాగితాన్ని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే ఓటు. ఓటర్లు 17 కోట్లకు పైగా ఉంటే, అందులో అక్షరం రానివారే ఎక్కువ. అందుకని తొలి ఎన్నికల ప్రధాన కమిషనరు సుకుమార్ సేన్ గుర్తుల మీద ఆధారపడ్డారు. ఆయన కాలంలోనే మరో సంగతి జరిగింది. పరాయివాళ్ళకు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని రాయించుకున్న ఆడవాళ్ళు ఉత్తరాదిలో చాలామంది ఉన్నారు. సొంత పేరు చెప్పకపోతే ఓటు లేదన్నారు సేన్. సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి పోయాయి. కఠినమైన నిర్ణయమే. అయితే ఆడమనిషికి తన పేరుమీద ఓటన్నది అక్కడ గట్టిపడింది.

పెట్టెల పద్ధతి 1957 ఎన్నికల్లోనూ నడిచింది. అందులో లోపం పైకే కనబడుతుంది. లోపలికి వెళ్ళినవాడు కాగితాన్ని పెట్టెలో వెయ్యకుండా జేబులో పెట్టుకొని వచ్చి బయట అమ్ముకోవచ్చు. అందుకని అభ్యర్థులందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితంమీద అచ్చువేసి, ముద్ర కొట్టి, అందరికీ కలిపి ఒకే పెట్టెలో వేసే పద్ధతి తెచ్చారు. 1960లో కేరళలో, 1961లో ఒరిస్సాలో జరిగిన మధ్యంతర ఎన్నికల్లో దాన్ని పరీక్షించి చూశారు. 1962లో దేశమంతా వచ్చింది. అంటే బరంపురం తెలుగువారు ఒక ఏడాది ముందే ముద్ర పట్టారన్నమాట. తిరుత్తణివారి సంగతి ఇంకా విచిత్రం. 1957లో వాళ్ళు ఆంధ్రప్రదేశ్ ఓటర్లు. 1960 ఏప్రిల్ 1న ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1962లో ఓటుకు వెళ్ళేసరికి రాష్ట్రమూ మారింది, ఓటు వేసే తీరూ మారింది. బళ్ళారివారు 1952లో మద్రాసు రాష్ట్రపు ఓటర్లు, 1953 అక్టోబరు నుంచి మైసూరువారు. గీతలు మన ఇళ్ళమీదుగా ఇటూ అటూ జరిగినా, వేలిమీది సిరా మాత్రం అందరికీ ఒకచోటి నుంచే. 1962 నుంచి దేశమంతటికీ ఆ సిరా తయారయ్యేది మైసూరులోని రంగుల కర్మాగారంలోనే.

ముద్ర కాలం దాదాపు 40 ఏళ్ళు సాగింది. దాని కష్టాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ముద్ర రెండు గుర్తుల మధ్య పడితే ఓటు చెల్లదు. తడి ఆరక ముందే మడత పెడితే రెండోవైపు మరక, లెక్కింపులో దానిమీద గొడవ. రౌడీమూకలు బూతులో జొరబడితే కట్టకట్టలుగా గుద్ది పెట్టెలో పడేసేవి. పోటీదారులు పెరిగితే కాగితమూ పెరగాలి. 1996లో మూడు చోట్ల జరిగింది చూడండి. నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు, తాగే నీటిలో ఫ్లోరైడు బాధ దేశానికి తెలియాలని. బెళగావిలో 456 మంది, సరిహద్దు తగాదా వినబడాలని. తమిళనాడులో మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1,033 మంది, రైతుల గోడు చెప్పడానికి. అక్కడ ఓటుకాగితం పుస్తకమైంది! గెలవడానికి నిలబడినవారు కారు వీళ్ళు. అర్జీ పెట్టి పెట్టి విసిగిపోయి ఓటుకాగితాన్నే అర్జీగా చేసుకున్నారు. ప్రభుత్వం ఆ ఏడే లోక్‌సభ ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచి ఆ దారి మూసింది. నీళ్ళ సంగతి అంత త్వరగా తేలలేదనుకోండి.

ఇక యంత్రం సంగతి. ఓట్లకు ఎలక్ట్రానిక్ యంత్రం ఉంటే బాగుంటుందని 1977లో అప్పటి ప్రధాన కమిషనరు శకధర్ అన్నారు. తయారుచేసే పని హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు అప్పగించారు. తర్వాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా చేరింది. ఈనాటికీ దేశంలో ఓటు యంత్రాలు చేసేవి ఈ రెండు ప్రభుత్వ సంస్థలే.

1982 మే 19న కేరళలోని పరూరు శాసనసభ స్థానంలో 50 పోలింగు కేంద్రాల్లో మొదటిసారి మీట నొక్కారు. సి.పి.ఐ. అభ్యర్థి శివన్ పిళ్ళై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన కాంగ్రెసు అభ్యర్థి ఎ.సి. జోస్ కోర్టుకెక్కారు. యంత్రం మోసం చేసిందన్నది కాదు, చట్టంలో ఓటుకాగితం అని ఉన్నప్పుడు యంత్రం ఎలా పెడతారన్నది ఆయన వాదన. 1984 మార్చిలో సుప్రీంకోర్టు ఔనంది. ఆ 50 కేంద్రాల్లో మళ్ళీ కాగితంతో పోలింగు జరిగి, గెలుపు జోస్‌ది అయింది. యంత్రం మీద వచ్చిన మొదటి తీర్పు ఇలా దానికి ఎదురుగానే వచ్చింది. 1988 డిసెంబరులో చట్టం సవరించి, 1989 మార్చి 15 నుంచి అమలుచేశాకే దానికి దారి దొరికింది.

1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 శాసనసభ స్థానాల్లో దాన్ని వాడి చూశారు. 2001లో తమిళనాడు, కేరళ, పశ్చిమ బెంగాల్, పుదుచ్చేరి శాసనసభలకు పూర్తిగా యంత్రాలే. పుదుచ్చేరి అంటే యానామూ అందులోనే. చుట్టూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతా మీట నొక్కింది 2004లో. హొసూరు, కృష్ణగిరి, యానాం తెలుగువారు ఈ విషయంలో మూడేళ్ళు ముందున్నారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో 543 స్థానాల్లోనూ, పది లక్షలకు పైగా యంత్రాలతో ఓట్లు పడ్డాయి.

మనం మీట నొక్కేది యంత్రంలో సగమే. రెండో సగం అధికారి బల్లమీద ఉంటుంది. రెంటినీ 5 మీటర్ల తీగ కలుపుతుంది. అధికారి తన పెట్టెమీద మీట నొక్కితేగాని మన పెట్టె ఓటు తీసుకోదు. ఒక ఓటు పడ్డాక, ఆయన మళ్ళీ నొక్కేదాకా ఎంత నొక్కినా పలకదు. మొత్తం బ్యాటరీతో నడుస్తుంది. అంచేత కరెంటు కొట్టే ప్రశ్నే లేదు, కరెంటు పోయినా ఆగదు. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి పడవు. అల్లరిమూక వచ్చినా, అధికారి ముగింపు మీట నొక్కేస్తే ఇక ఓటు పడదు. చెల్లని ఓటు అన్న మాటే పోయింది. ఈ మేలు కాదనలేనిది. ఒక్కటి గుర్తుంచుకోండి. గుర్తు బొమ్మమీద వేలు పెట్టి ఎంత అదిమినా ప్రయోజనం లేదు, దాని పక్కనున్న నీలం మీటే నొక్కాలి. బొమ్మను నొక్కి, చప్పుడు కాక, కంగారుపడి వచ్చేసేవాళ్ళను ఆపి వెనక్కి పంపడం మాకు మామూలే.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. లెక్కింపు నాడు యంత్రం చూపేది ఎవరికెన్ని ఓట్లన్న మొత్తమే. ఎవరు ఎవరికి వేశారన్నది చూపదు. కాని ఊరికి వేరే భయం ఉంది, అది ఉత్త భయం కాదు. కాగితాల రోజుల్లో, బెదిరింపులున్నాయనుకున్న చోట్ల, వేరువేరు పెట్టెల కాగితాలు కలగలిపి లెక్కించే వీలుండేది. యంత్రం అలా కలవదు. ఒక బూతులో ఎవరికెన్ని పడ్డాయో బయటికి వచ్చేస్తుంది. ఒక కన్నడ ఊరికో తమిళ ఊరికో చివర మన తెలుగు వీధి ఉండి, ఆ వీధికంతటికీ ఒకే బూతు ఉందనుకోండి. ఆ వీధి ఎటు వేసిందో మర్నాడే అందరికీ తెలుస్తుంది. కొళాయి నీళ్ళ దగ్గర, రోడ్డు దగ్గర ఆ లెక్క పనిచేయవచ్చు. దీనికి విరుగుడుగా 14 బూతుల ఓట్లను కలిపి ఒకే మొత్తం చూపే టోటలైజరు అనే పరికరాన్ని ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో మంచిదేనంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ బూతులో బలం తగ్గిందో పార్టీలు తెలుసుకోవాలి కదా అన్నది అప్పుడు వినబడిన వాదన. పార్టీకి తెలియడం కంటే వీధికి ధైర్యం ముఖ్యమని నా అభిప్రాయం. చిన్న సంఖ్యలో ఉన్నవాళ్ళకు రహస్యం అంటే మనిషి రహస్యం ఒక్కటే కాదు, వీధి రహస్యం కూడా.

యంత్రాన్ని లోపలినుంచే మార్చవచ్చునా అన్నది మరో అనుమానం. 2010లో హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి, యంత్రం చేతికి చిక్కితే ఫలితం మార్చవచ్చని చేసి చూపారు. ఆ యంత్రం ఎక్కడిదని ఆయన్ను అరెస్టు చేశారు. సీళ్ళూ కాపలా ఉండగా అలా జరగదని కమిషన్ జవాబు. ఈ వాదోపవాదాల నుంచే చీటీ యంత్రం పుట్టింది. 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్ ఉపఎన్నికలో దాన్ని మొదట వాడారు. అదే ఏడు అక్టోబరులో, దశలవారీగా దేశమంతా పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో అన్ని కేంద్రాల్లోకీ వచ్చింది. మీట నొక్కగానే పక్కపెట్టె అద్దంలోంచి మీ గుర్తున్న చీటీ 7 సెకన్లు కనబడి, లోపల పడిపోతుంది. కన్నడమో ఒడియానో చదవడం రానివారికి ఆ గుర్తే సాక్ష్యం.

చీటీలు లెక్కించేది మాత్రం కొన్నింటివే. నియోజకవర్గానికి ఒక కేంద్రంలో చాలన్నారు ముందు. చంద్రబాబునాయుడు, మరికొందరు నాయకులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న దాన్ని ఐదు చేసింది. మూడు రోజులకే, ఏప్రిల్ 11న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు. చాలాచోట్ల యంత్రాలు మొరాయించి ఆలస్యమైంది. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటేదాకా జనం నిలబడే ఉన్నారు. అదే రోజు నిజామాబాదులో, పసుపు రైతులు పెద్దసంఖ్యలో పోటీకి దిగినందువల్ల 185 మంది అభ్యర్థులకు ఒక్కొక్క బూతులో 12 ఓటుపెట్టెలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. మొదటి ఎన్నికల్లో పెట్టెల వరుస మళ్ళీ కళ్ళముందుకు వచ్చినట్టుంది!

కాగితానికి తిరిగి పోవాలని, లేదా చీటీలన్నీ లెక్కించాలని వేసిన కేసును సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న కొట్టివేసింది. కాని ఫలితాల తర్వాత, రెండో మూడో స్థానంలో వచ్చినవారు కోరితే, నియోజకవర్గంలో 5 శాతం యంత్రాలను ఇంజనీర్లు పరీక్షించాలని, గుర్తులు ఎక్కించే పరికరాన్ని 45 రోజులు సీలువేసి ఉంచాలని చెప్పింది.

మీ హక్కులు రెండు మూడు చెప్పి ముగిస్తాను. అద్దంలో వేరే గుర్తు కనబడితే అక్కడే చెప్పండి. అధికారి మీచేత రాయించుకొని, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు. మీ మాట నిజమైతే పోలింగు ఆగుతుంది. అబద్ధమని తేలితే ఆరు నెలల దాకా జైలు పడే నేరం. ఈ షరతు చూసి నిజంగా పొరపాటు చూసినవాళ్ళు కూడా నోరు మూసుకుంటారేమోనని నాకు అనుమానం. అందుకే 7 సెకన్లూ కళ్ళు తిప్పకుండా చూడండి, చూసింది ఖాయమైతే వెనక్కి తగ్గకండి. మీరు వెళ్ళేసరికి మీ పేరుమీద ఎవరో వేసేసి ఉంటే ఇంటికి తిరిగిపోవద్దు. మీరెవరో రుజువు చేసుకుంటే మీకు కాగితపు ఓటు ఇవ్వాలి, దాన్ని కవరులో వేరుగా భద్రం చేస్తారు. చూపు ఆననివారు 18 ఏళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకుపోవచ్చు. పోలింగు గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్నవారందరికీ, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి, చీటీలు ఇస్తారు. ఆ చీటీ చేతిలో ఉంటే ఎంత రాత్రయినా మీ ఓటు మీదే.