దస్కతు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో 'సంతకం' కాగితం మీద అచ్చయ్యే మాట. నోట్లో ఉండేది దస్కతు. "ఈడ దస్కతు పెట్టు" అని వేలు చూపిస్తారు. పెట్టరానివాళ్లు నిశాని వేస్తారు, అంటే బొటనవేలి ముద్ర. ఒక తరం కింద ఊళ్లో చదువుకు కొలత ఇదే. రాత్రిబడికి పోయినవాళ్లు పుస్తకాలు చదివారా లేదా అని ఎవరూ అడగలేదు, నిశాని మాని దస్కతు పెడుతున్నారా లేదా అనే అడిగారు.

ఫారసీలో 'దస్త్' అంటే చేయి. అరబ్బీ నుంచి ఫారసీలో కలిసిన 'ఖత్' అంటే గీత, రాత. రెండూ కూడితే దస్తఖత్. అసఫ్‌జాహీ కచేరీల్లో ముందు ఫారసీ, తర్వాత ఉర్దూ ఏలిన రోజుల్లో ఈ మాట మన నోటికి ఎక్కింది. నడుమ తకారం రాలిపోయి, ఖకారం మెత్తబడి దస్కతు అయింది. కరీంనగర్ జిల్లాను 1905 దాకా ఎలగందుల జిల్లా అన్నారు. జిల్లా పేరు మారింది గానీ ఈ మాట చెక్కుచెదరలేదు. దీని చుట్టాలు ఇంటింటా ఉన్నారు: జేబులో దస్తీ, బీరువాలో దస్తావేజు, బడిపిల్లల దస్తా కాగితాలు, పైచేయివాడి జబర్దస్తీ. ఇంకొంచెం వెనక్కి పోతే సంస్కృత హస్తమూ ఫారసీ దస్తూ ఒకే తల్లి బిడ్డలు. అవెస్తా భాషలో 'జస్త' వాటికి అక్క. కాబట్టి హస్తాక్షరం, దస్తఖత్, మన అచ్చతెలుగు చేవ్రాలు మూడింటి కట్టడం ఒక్కటే: ముందు చేయి, వెనక రాత. సంతకంలో మాత్రం చేయి కనబడదు. పాళీలో 'సంతక' అంటే తనది, తన సొత్తు.

నన్ను ఈ మాట దగ్గరికి తిరిగి నడిపించింది గిట్. లినక్స్ కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో రాసిన సాఫ్ట్‌వేర్ అది. ప్రోగ్రాములో ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో పూస గుచ్చినట్టు దాచిపెడుతుంది. కొత్త కంప్యూటర్ మీద మొదటి మార్పు భద్రం చేయబోతే చాలాసార్లు అడ్డుపడుతుంది: ముందు నువ్వెవరో చెప్పు అంటుంది. అప్పుడు నల్లటి తెర మీద 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్' అని కొట్టి పక్కన పేరు, మరో వరుసలో 'యూజర్.ఈమెయిల్' కొట్టి చిరునామా ఇవ్వాలి. బాసరలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ చదువు చదివే పిల్లలకు ఎక్కువమందికి గిట్‌తో తొలి పరిచయం ఈ రెండు వరుసలే. ఆ ఊరి జ్ఞాన సరస్వతి గుడికి తల్లిదండ్రులు పసివాళ్లను తెచ్చి, వేలు పట్టించి మొదటి అక్షరం దిద్దిస్తారు. ఒకే ఊళ్లో రెండు అక్షరాభ్యాసాలు. రెండోదాంట్లో వేలు పట్టుకునేవాళ్లు ఉండరు, అంతే తేడా.

ఈ సెట్టింగులకు మూడు అంతస్తులు ముఖ్యం. మొత్తం మిషన్‌కు ఒకటి, వాడేవాడి ఖాతాకు ఒకటి, ఆ ఒక్క ప్రాజెక్టుకు ఒకటి. మూడింట్లో మూడు రకాలుగా రాసి ఉంటే పనికి దగ్గరున్నదే చెల్లుతుంది. పగలు కంపెనీ పని, రాత్రి సొంత పని చేసుకునే కుర్రవాడికి ఇది వరం: కంపెనీ ప్రాజెక్టు లోపలి ఫైల్లో కంపెనీ ఈమెయిల్, మిగతా అన్నిటికీ సొంతది. ఏ విలువ ఏ ఫైలు నుంచి వస్తోందో తెలియక తల పట్టుకుంటే, జాబితా అడిగేటప్పుడు '--షో-ఆరిజిన్' తగిలిస్తే ప్రతి వరుసకూ పుట్టిల్లు చూపిస్తుంది. ఇంకో విశేషం. ప్రాజెక్టును మరొకరు నకలు తీసుకుంటే మార్పుల చరిత్రంతా వాళ్లకు పోతుంది, ఈ సెట్టింగుల ఫైలు మాత్రం పోదు. అన్నిటి చరిత్రనూ రాసే గిట్ తన సొంత అమరికల చరిత్రను రాయదు.

ఇంతకీ యూజర్.నేమ్‌లో రాసింది దస్కతేనా? కాదని నా వాదం. అక్కడ ఎవరి పేరైనా రాయొచ్చు. నేను నా మిషన్‌లో టోర్వాల్డ్స్ పేరు, ఈమెయిల్ పెట్టుకుని పది మార్పులు చేస్తే గిట్ కిక్కురుమనదు, పదింటి మీదా ఆయన పేరే వేస్తుంది. చెయ్యి లేని రాత అది. పైగా గిట్ ప్రతి మార్పుకూ రెండు పేర్లు రాస్తుంది: మార్పు రాసినవాడు ఒకడు, దాన్ని చరిత్రలోకి ఎక్కించినవాడు ఒకడు. ఒకరు పంపిన సవరణను మరొకరు కలిపినప్పుడు ఈ రెండూ వేరువేరుగా నిలుస్తాయి. ఈ తేడా మన నేలకు కొత్త కాదు. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది, అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయ కన్నా ముందువి. దాన్ని వేయించినవాడు పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు. లోకానికి తెలిసింది వేయించినవాడి పేరు, ఉలి పట్టిన చేతి పేరు కాదు. గిట్ ఆ రెండో పేరుకూ చోటిచ్చింది. ఇది మెచ్చుకోవాల్సిన పని.

అసలు దస్కతు వేరే ఉంది. అందరికీ తెలిసే బహిరంగ తాళంచెవి ఒకటి, సొంతదారు దాచుకునే రహస్య తాళంచెవి ఒకటి. రహస్యదానితో ముద్ర వేస్తే, బహిరంగదానితో ఎవరైనా సరిచూడొచ్చు. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి విలువ ఇచ్చింది ఈ లెక్క మీదే. ఇది మా జిల్లా రైతులకు అనుభవం మీద తెలిసింది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతులకు పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు పథకం మొదలైంది, కొత్త పట్టాదారు పాసుపుస్తకాల పంపిణీ కూడా అప్పుడే. తహశీల్దారు డిజిటల్ సంతకం కాని ఖాతాలకు పాసుపుస్తకం రాలేదు. "డిజిటల్ సైన్ కాలే" అనే మాట కచేరీ అరుగుల మీద ఎంతగా నలిగిందంటే, దాన్ని తెలంగాణ నుడికారాల్లో చేర్చవలసిందే. రికార్డులో పేరు ఉంది, సర్వే నంబరు ఉంది, దస్కతు లేదు. పేరు వేరు, దస్కతు వేరని ఆ రైతుకు ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు.

గిట్‌లో మార్పుల మీద ఇలా ముద్ర వేసే వీలు 2012లో వచ్చింది, జీపీజీ అనే సాఫ్ట్‌వేర్ చేసిచ్చే తాళంచెవులతో. అది సామాన్యులకు తలనొప్పి. 2021 నవంబరులో వచ్చిన 2.34 కూర్పు నుంచి, సర్వర్లలోకి పోవడానికి చాలామంది ప్రోగ్రామర్ల దగ్గర ఉండే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవే ఇందుకూ పనికొస్తోంది. ఒక తమాషా. ఈ తాళంచెవిని గుర్తుపట్టడానికి వాడే పొట్టి అక్షరాల వరుసను ఇంజనీర్లు 'ఫింగర్‌ప్రింట్' అంటారు. నిశాని! దస్కతు రానివాడి గుర్తని చిన్నచూపు చూసిన ఏలిముద్ర, దస్కతు ఎవరిదో తేల్చే సాక్షి అయి కూర్చుంది.

గిట్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్లకు ఒక మనవి. యూజర్.నేమ్‌ను 'పేరు' అనండి, 'సంతకం' అనకండి. తాళంచెవితో వేసే ముద్రను మాత్రం దస్కతు అనండి, ఆ మాటలో చేయి ఇంకా బతికే ఉంది కాబట్టి. పేరు మీ లిపిలో ఉండొచ్చు. గిట్ మామూలుగా యూనికోడ్ యూటీఎఫ్-8 రాతనే వాడుతుంది. 2018లో యూనికోడ్ 11లో చేరిన గుంజాల గోండి లిపి కూడా అందులో పడుతుంది. ఆ లిపి దొరికింది ఆదిలాబాద్ జిల్లా గుంజాలలోనే. ఇక దస్కతుకు మూడు వరుసలు: 'జీపీజీ.ఫార్మాట్'కు ఎస్‌ఎస్‌హెచ్ అని, 'యూజర్.సైనింగ్‌కీ'కి బహిరంగ తాళంచెవి ఫైలు దారి, 'కామిట్.జీపీజీసైన్'కు ట్రూ అని. ఆ క్షణం నుంచి చేసే మార్పులకే దస్కతు పడుతుంది. అంతకుముందు చేసినవి ఉత్త పేరుతోనే ఉండిపోతాయి.