ప్రాజెక్టు ఎవరు చేస్తున్నారు, పిల్లలా పెద్దలా? ప్రైమరీ బడిలో సృజన పనులు, ఆన్‌లైన్ జట్టు చదువు

రాత్రి తొమ్మిది గంటలకు పిల్లోడికి గుర్తొస్తుంది. "అమ్మీ, రేపు ప్రాజెక్టు తెమ్మన్నరు." ఇక ఇల్లంతా ఉరుకులు పరుగులే. అబ్బా బండి తీసి స్టేషనరీ షాపుకు పోతాడు. నెట్‌లోంచి తీసిన కలర్ ప్రింట్లు, ఒక చార్టు, ఒక గమ్ సీసా తెస్తాడు. ఆపా కత్తిరిస్తుంది, అమ్మీ అతికిస్తుంది, పిల్లోడు మాత్రం నిద్రపోతాడు. పొద్దున బడిలో ఆ చార్టు మీద "వెరీ గుడ్" పడుతుంది. ఆ మార్కు ఎవరికి వచ్చినట్టు?

సిద్దిపేటలోనే కాదు, తెలంగాణ అంతటా ఇదే కథ. ఇందులో టీచర్లది ఒక్కటే తప్పు అనలేం, తల్లిదండ్రులది ఒక్కటే తప్పనీ అనలేం. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ప్రాజెక్టు అంటే ఏమిటి, మన చుట్టూ ఉన్నవాటితోనే ఏమేం చేయించొచ్చు, ఫోన్, ఇంటర్నెట్ ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ జాగ్రత్త పడాలి అనేవి ఒక్కచోట చూద్దాం.

ప్రాజెక్టు అంటే చార్టు కాదు

ప్రాజెక్టుకు మూడు ఉండాలి. ఒక ప్రశ్న, దానికి జవాబు వెతికే పని, దొరికింది పదిమందికి చూపించడం. "నీటి వనరులు" అనేది పాఠం పేరు. "మన గల్లీలో నల్లా నీళ్లు వారంలో ఎన్ని గంటలు వస్తాయి, ఎవరింట్లో ఎన్ని బిందెలు పట్టుకుంటారు" అనేది ప్రాజెక్టు. మొదటిదానికి ప్రింట్లు దొరుకుతాయి. రెండోదానికి ఏ షాపులోనూ దొరకవు. పిల్లలే పోయి అడగాలి, లెక్క పెట్టాలి, రాయాలి.

ఇది ఎవరి సరదా కోసమో పెట్టింది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే పిల్లలు పనులు చేస్తూ, కనిపెడుతూ, వెతుకుతూ నేర్చుకోవాలని రాసి ఉంది. మన రాష్ట్రంలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మార్కుల్లో కూడా రాతపనులు, స్లిప్ టెస్టులతో పాటు ప్రాజెక్టు పనికి వాటా ఉంది.

ఈ ఆలోచనకు వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1918లో "ప్రాజెక్టు పద్ధతి" పేరుతో వ్యాసం రాశారు. మన దగ్గర దీన్ని గట్టిగా పట్టించుకున్న పెద్దల్లో ఒకరు హైదరాబాద్‌లో పుట్టినవారే. ఆయనే డాక్టర్ జాకిర్ హుస్సేన్. 1897లో పుట్టిన ఆయన 1967లో రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. అంతకుముందు 1926 నుంచి 1948 దాకా ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాను నడిపారు. అక్కడి ప్రైమరీ బడిలో ప్రాజెక్టు పద్ధతిలో చదువు చెప్పి చూశారు. 1937లో వార్ధాలో గాంధీజీ పెట్టిన విద్యా సమావేశం తర్వాత, చేతిపని ద్వారా చదువు చెప్పే బేసిక్ విద్యకు పథకం రాసిన కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. పిల్లల కోసం "అబ్బూ ఖాన్ కీ బక్రీ" లాంటి కథలు రాసింది కూడా ఈయనే. అంటే చేతులతో పని చేస్తూ చదువుకోవడం మన ఇళ్లకు కొత్తగా వచ్చిన ఫ్యాషన్ ఏమీ కాదు.

సిద్దిపేటలోనే దొరికే ప్రాజెక్టులు

చేర్యాల బొమ్మల కథ: చేర్యాల మన జిల్లాలోనే ఉంది. అక్కడి నకాషీ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎండబెట్టి, దాని మీద కథను వరసగా గడులు గడులుగా గీస్తారు. పూర్వం కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి ఊరూరా చెప్పేవారు. బడిలో పాత గుడ్డ గానీ, అతికించిన కాగితాలు గానీ తీసుకుని ఐదారుగురు పిల్లలు కలిసి ఒక పటం చేయొచ్చు. కథ ఎవరిది? నానీ చిన్నప్పటి పెళ్లి ప్రయాణం, తాత కూరగాయల బండి, వానాకాలంలో కోమటి చెరువు నిండిన రోజు. మనుషుల బొమ్మలు వద్దనుకునే ఇళ్ల పిల్లలు ఇళ్లు, చెట్లు, బజారు, దారి, పూల అంచులతోనే అంత చక్కగా కథ చెప్పగలరు. ఆ మాట టీచరుకు ముందే చెబితే ఇబ్బంది ఉండదు.

గొల్లభామ లెక్కలు: సిద్దిపేట గొల్లభామ చీరలకు కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. కుండ మోసే గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేస్తారు, అద్దకం కాదు. నేతలో బొమ్మ పోగు పోగుగా లేస్తుంది. కాబట్టి గళ్ల కాగితం మీద గడి గడిగా రంగు నింపి అలాంటి నమూనా తయారు చేయడం మూడు, నాలుగో తరగతి పిల్లలకు మంచి లెక్కల పని. ఒక పువ్వుకు ఎన్ని గడులు పట్టాయి, అంచు నిండా వేస్తే ఎన్ని పువ్వులు వస్తాయి అని అడిగితే గుణకారం దానంతట అదే వస్తుంది.

చెత్త తూకం: తడి, పొడి, హానికర చెత్తను వేరు చేయడంలో సిద్దిపేట మున్సిపాలిటీకి మంచి పేరుంది. ఈ పని నేర్పడానికి పట్టణంలో స్వచ్ఛ బడి కూడా ఉంది. ఫంక్షన్లలో ప్లాస్టిక్ తగ్గించడానికి స్టీలు గిన్నెలు ఇచ్చే స్టీల్ బ్యాంకూ వచ్చింది. పిల్లలు వారం రోజులు ఇంట్లో ఏ రోజు ఎన్ని ప్లాస్టిక్ కవర్లు వచ్చాయో గీతలు గీసి లెక్కపెట్టాలి. దావత్ జరిగిన ఇంట్లో ఎన్ని ప్లాస్టిక్ గ్లాసులు పారేశారో కూడా రాయాలి. వారం చివర తరగతి మొత్తం కూడితే వచ్చే సంఖ్య చూసి పిల్లలకంటే పెద్దలే ఎక్కువ ఆశ్చర్యపోతారు.

రెండు వైపుల పుస్తకం: ఇది మన ఇళ్లకు సరిగ్గా సరిపోయే పని. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం, ఉర్దూ కుడి నుంచి ఎడమకు. కాబట్టి ఒకే పుస్తకానికి రెండు అట్టలు పెట్టొచ్చు. ఒకవైపు తెరిస్తే తెలుగు కథ, రెండోవైపు తెరిస్తే అదే కథ ఉర్దూలో. రెండూ మధ్య పేజీలో కలుస్తాయి. అక్కడ ఒక పెద్ద బొమ్మ.

ఈ పుస్తకంలో చివరన పదాల పట్టిక పెట్టమనండి. దుకాణం, కాగితం, కలం, జవాబు, తారీఖు, హాజరు, కుర్చీ, ఖర్చు, దర్జీ, బజారు, జిల్లా, రైతు. ఇవన్నీ తెలుగులో రోజూ వాడే మాటలే, అన్నీ ఉర్దూ, ఫారసీ, అరబ్బీ నుంచి వచ్చినవే. ఇంట్లో దక్కనీ మాట్లాడి బడిలో నోరు విప్పడానికి జంకే పిల్ల, ఆ రోజు తరగతికి తానే టీచరవుతుంది. తోటి పిల్లలు "కాగితం మీ ఇంట్లో మాటేనా?" అని అడుగుతారు. ఇంటి భాష అడ్డంకి కాదు, అది కూడా చదువే అని పిల్లకు తెలిసే చోటు ఇదే.

ఆన్‌లైన్ జట్టు అంటే ఏమిటి

ఒక బడి పిల్లలు దూరాన ఉన్న వేరే బడి పిల్లలతో కలిసి ఒకే పని చేయడమే ఆన్‌లైన్ జట్టు చదువు. ఫోన్‌లో వీడియో చూస్తూ కూర్చోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఇంటర్నెట్ రాకముందే ఫ్రాన్స్‌లో ఫ్రెనే అనే టీచరు 1920ల్లో తన పిల్లలు అచ్చు వేసిన కాగితాలను వేరే ఊరి బడికి పోస్టులో పంపించేవారు. 1988లో న్యూయార్క్, మాస్కో బడుల మధ్య కంప్యూటర్ ద్వారా మొదలైన పనితో ఐఎర్న్ అనే అంతర్జాతీయ వేదిక పుట్టింది. అందులో చిన్నపిల్లల కోసం టెడ్డీబేర్ ప్రాజెక్టు ఉంది. రెండు బడులు ఒకరికొకరు బొమ్మను పోస్టులో పంపుకుంటాయి. ఆ బొమ్మ కొత్త ఊళ్లో ఏం చూసిందో దాని తరఫున పిల్లలు డైరీ రాసి ఆన్‌లైన్‌లో పంపుతారు. ఇదే పనిని సిద్దిపేట బడి, నిజామాబాద్ బడితోనో కర్నూలు బడితోనో చేసుకోవచ్చు. దానికి విదేశం దాకా పోనక్కర్లేదు.

మనకు అందుబాటులో ఉన్న కొన్ని ఉచిత వేదికలు ఇవి:

స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబర్ 8న మొదలుపెట్టింది. తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ పిల్లల కథలు ఉచితంగా చదవొచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కథను ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చే సౌకర్యం కూడా ఉంది. రెండు వైపుల పుస్తకానికి ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

దీక్ష: కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబర్ 5న తెచ్చిన వేదిక. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. పుస్తకాల్లో ఆ నలుపు తెలుపు గడి ఎందుకుందో తెలియని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

సీజన్‌వాచ్: బడి దగ్గర వేప, చింత, మామిడి లాంటి ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం చిగురు, పూత, కాయ ఎంతుందో చూసి నమోదు చేసే దేశవ్యాప్త కార్యక్రమం. పిల్లలు రాసిన లెక్కలు వాతావరణ మార్పులను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలకు పనికొస్తాయి.

పక్షుల లెక్క: ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. పావుగంట నిలబడి కనిపించిన పక్షులను లెక్కపెట్టి పంపాలి. సిద్దిపేటలో కోమటి చెరువు గట్టు దీనికి మంచి చోటు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కనిపిస్తే పిల్లల సంబరం అంతా ఇంతా కాదు. పక్షుల మనిషిగా పేరు పొందిన సాలిం అలీ 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారని అప్పుడే చెప్పొచ్చు.

ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. అప్పుడు అందరికీ తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఫోన్ అబ్బాతో పాటు పనికి పోతే పిల్లల చదువు కూడా పనికి పోయినట్టే. అందుకే ప్రాజెక్టు పని ఫోన్ మీద ఆధారపడేలా పెట్టొద్దు. చూడటం, అడగడం, లెక్కపెట్టడం, గీయడం అన్నీ కాగితం మీదే జరగాలి. పంపించడం ఒక్కటే టీచరు ఫోన్ నుంచి గానీ బడి కంప్యూటర్ నుంచి గానీ జరగాలి. వారానికి ఒక్కసారి పంపినా చాలు.

అబ్బా గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు ఒక చక్కటి పని ఉంది. సిద్దిపేటలో సాయంత్రం 6 గంటలైతే దుబాయ్‌లో 4:30, సౌదీలో 3:30. ఎందుకలా? అబ్బాను అడిగి ఒక వారం పాటు అక్కడ సూర్యుడు ఎప్పుడు అస్తమించాడో, ఎండ ఎంత ఉందో రాసుకోవాలి. ఇక్కడి లెక్క పక్కన పెట్టాలి. వాయిస్ మెసేజ్‌లో అబ్బా చెప్పిన సంగతి బడిలో పాఠమవుతుంది. రోజూ "బాగా చదువుతున్నవా" అనే ఒక్క మాటతో ముగిసే ఫోను, ఆ వారం మాత్రం పావుగంట నడుస్తుంది.

జాగ్రత్తలు

వాట్సాప్ వాడటానికి, సొంతంగా గూగుల్ ఖాతా తెరవడానికి 13 ఏళ్లు నిండాలి. కాబట్టి ప్రైమరీ పిల్లల పేరు మీద ఖాతాలు తెరవొద్దు. టీచరు ఖాతా లేదా తల్లిదండ్రుల ఖాతా వాడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

ప్రాజెక్టు ఫొటో తీసేటప్పుడు పని కనిపిస్తే చాలు, ముఖం కనిపించనక్కర్లేదు. పటం పట్టుకున్న చేతులు, వెనక నుంచి తీసిన తరగతి సరిపోతాయి. పూర్తి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, బడికి పోయే దారి ఎక్కడా రాయొద్దు. ఆడపిల్ల ఫొటో వద్దని చెప్పే హక్కు ప్రతి ఇంటికీ ఉంది. కానీ ఫొటో వద్దన్నందుకు పిల్లను పని నుంచే తప్పించడం న్యాయం కాదు. ఫొటో లేకుండానే ఆమె పని, ఆమె రాత, ఆమె గొంతు పంపొచ్చు. ఎవరైనా బెదిరించినా, మోసం చేసినా 1930కి ఫోన్ చేయాలి. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098.

తల్లిదండ్రులు ఏం చేయాలి, ఏం చేయొద్దు

ప్రాజెక్టు ఇవ్వగానే టీచరును మూడు అడగండి. ప్రశ్న ఏమిటి? ఎన్ని రోజుల టైముంది? ఇంట్లో చేయాల్సింది ఎంత, బడిలో ఎంత? ఒక్క రాత్రిలో తెమ్మంటే, కనీసం వారం ఇవ్వమని పేరెంట్స్ మీటింగ్‌లో మర్యాదగా చెప్పండి. నలుగురు కలిసి చెబితే సారు కూడా వింటారు.

కత్తెర పట్టడం, పొయ్యి దగ్గర గంజి కాయడం, చెరువు గట్టుకు తోడు పోవడం పెద్దల పని. రాయడం, గీయడం, అడగడం పిల్లల పని. అక్షరం వంకర పోయినా దిద్దొద్దు. కొనాల్సింది పెన్సిల్, కాగితం, జిగురు దాకా చాలు. ఖర్చు ఎక్కువైతే, కొనలేని ఇంటి పిల్ల వెనుక బెంచీలో తల దించుకుని కూర్చుంటుంది.

ప్రాజెక్టు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మార్కులు వచ్చాక నెల రోజులకు పిల్లోడిని అడగండి, "అప్పుడు నువ్వేం కనుక్కున్నవు?" అని. షాపు ప్రింట్లతో చేసిన చార్టు అయితే తల గోక్కుంటాడు. తానే గల్లీ తిరిగి బిందెలు లెక్కపెట్టి ఉంటే, ఎవరింటికి ఎన్ని బిందెలో ఇప్పటికీ టకటకా చెప్తాడు.